గండి

వేలెడంత ఫిలిం ముక్కని
కిటికీ వెలుతురుకి పట్టి చూపించింది
అమలాపురంలో పళ్ల డాక్టరు హెప్సిబా.
"ఇదిగో రాఘవులు గారూ, ఈ దంతం పక్కన
ఎముక కిందికి దిగిపోయింది, చూశారా?"

చూశాను.
ముప్ఫై నాలుగేళ్లు కాలవ గట్ల మీద
లస్కరు పని చేసినవాణ్ణి,
ఆ నలుపు నాకు కొత్తేం కాదు.
"గండి అంటారమ్మా దాన్ని."

గండి ఒక్కరోజులో పడదు.
ఎలక బొరియ, పీత బొరియ,
గట్టు పాదాన చెమ్మ,
చెమ్మలో సన్నగా బుడబుడ,
చూసి కూడా, రేపు చూద్దాంలే అనుకున్న మనిషి.
చిగుళ్ల నుంచి నెత్తురు
ఐదేళ్లుగా వస్తూనే ఉంది.
వేపపుల్ల గీసుకుందన్నాను నేను.
చుట్ట మానవయ్యా అంది పళ్లాలమ్మ,
పేరులోనే పళ్లున్న మనిషి.

"ఏం పోస్తారమ్మా అందులో?"
"గాజు."
కుర్చీలో లేచి కూచున్నాను.

గాజు సంగతి నాకు చెప్పొద్దు.
తెల్లారగట్ల చెప్పుల్లేకుండా తిరిగే గట్టు మీద
సోడాబుడ్డి పెంకులు, సారా సీసాల మూతులు.
ఎడమ మడమలో ఒక ముక్క
రెండు వానాకాలాలు కాపురం ఉంది.
లోపల పడ్డ గాజుని ఒళ్లు ఒప్పుకోదు.
చీము పట్టించి, సలిపి సలిపి,
బయటికి నెట్టేదాకా నిద్రపోనివ్వదు.

"ఇది వేరే గాజండీ.
మూలం ఇసకే. సున్నం పాలు ఎక్కువ,
సోడా, కాస్త భాస్వరం.
సీసా చేస్తే నిలవదు,
తడి తగిలితే కరుగుతూ పోతుంది."
"నిలవని గాజు ఎందుకమ్మా?"
"నిలవదనే."

సూది పొడిచింది. దవడ మొద్దుబారింది.
చిగురు విప్పి దంతం వేరుని గీకుతుంటే
పుర్రె అంతా గరగర.
నేను ఎనభై ఆరు వరదలో ఉన్నాను.
గండి పూడ్చేముందు సూరన్న మేస్త్రీ
మిగిలిన గట్టు అంచుల్ని
మెట్లుమెట్లుగా చెక్కించాడు.
వానలో వణుకుతూ తిట్టుకున్నాం,
పోయింది చాలదా, ఉన్నది తవ్వడమేంట్రా అని.
"నున్నటి దాని మీద
కొత్తమట్టి కూచోదురా ఎదవల్లారా.
పచ్చిగా ఉండాలి."

చిన్న గిన్నెలో తెల్లటి పొడి.
నా నెత్తురే రెండు బొట్లు వేసి కలిపింది.
పిచికగూళ్లు కట్టుకునే తడి ఇసకలా
ముద్దయింది.
గండిలో కూరి, కుట్టేసింది.

ఆర్నెల్లు ఆగమంది.
లోపల జరిగేదేదో బొమ్మ గీసి చెప్పింది కానీ
నాకు ఏటి భాషలోనే ఎక్కింది.
నడి పాయలో పడవ మునిగితే
దాని చుట్టూ మేట వేస్తుంది గోదావరి.
మేట మీద రెల్లు,
రెల్లు కాళ్ల దగ్గర ఇంకాస్త ఒండ్రు.
కొన్నాళ్లకి లంక,
లంకలో దోసపాదులు, హద్దుల తగాదా.
పడవేదిరా అంటే ఎవడికీ తెలీదు.

ఈ గాజు రేణువూ అంతేనట.
తనలో సున్నాన్ని కొంచెం కొంచెం వదులుతుంది.
చుట్టూ జిగురు, జిగురు మీద పొర.
ఆ పొరని తడిమి చూసి ఎముక
మన ఊరివాడే అనుకుంటుంది.

నాలికకి మాత్రం నమ్మకం లేదు.
రాత్రిళ్లు కుట్ల మీద గస్తీ తిరిగేది,
లస్కరు నాలిక.

ఆర్నెల్లకి ఇంకో ఫిలిం.
నలుపున్న చోట బూడిదరంగు.
"మూడు మిల్లీమీటర్లు కట్టిందండీ. మొత్తం రాలేదు,"
కొంచెం నొచ్చుకుంటూ అంది.
"మా ఎనభై ఆరు గండీ అంతేనమ్మా.
ఇప్పటికీ అక్కడ గట్టు జానెడు పల్లం.
ఆటోవాళ్లు గేరు మారుస్తారు."

పళ్లాలమ్మ తేగలు కాల్చింది.
అలవాటుకొద్దీ కుడివైపే నమిలాను.
రెండో తేగకి మరిచిపోయి ఎడమవైపు.

సాయంత్రం గట్టు మీద
పచ్చటి సీసా పెంకు దొరికింది.
ఎండకి ఎత్తి చూశాను.
దీనికి రాదు, ఆ కరగడం.
జేబులో వేసుకున్నాను,
ఎవరి కాలికీ దిగకుండా.