చుక్క, గీత

నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
మాది రెండు కంప్యూటర్ల కంపెనీ.
రొయ్యల చెరువుల లెక్కలకి ప్రోగ్రాములు రాస్తాం:
మేత ఎంత పడింది, ఉప్పు ఎంత ఉంది,
ఏ రాత్రి ఏరియేటర్ ఆగిపోయింది.
మేం మార్చిన ప్రతి అక్షరాన్నీ గుర్తుంచుకునే
చిన్న ఫోల్డరొకటి
ప్రతి ఫోల్డరు కడుపులోనూ ఉంటుంది.

నా లినక్సులో దాని పేరు ముందు చుక్క.
చుక్క పెడితే చాలు, కంటికి ఆనదు.
సుభాషిణి విండోస్‌లో సర్వరుకి ఆ చుక్క పడలేదు.
తల లేకుండా తోకొక్కటే వచ్చిందేంటండీ
అన్నట్టు తలుపేసింది.
సరే, చుక్క తీసి అడుగున ఓ గీత గీశాం.
లోపల సరుకు అదే.
ధవళేశ్వరం దాటాక నీళ్ళకి పేరు మారితే
ఎవరం ఏమన్నాం?

"చుక్కే నయం" అంటుంది సుభాషిణి,
ఆరో నెల పిల్లని ఒళ్ళో వేసుకుని మౌసు కదుపుతూ.
అత్తగారు దిష్టిచుక్క బుగ్గన పెట్టమంటే
ఈవిడ అరికాల్లో పెడుతుంది.
"కనపడే కాపలా ఏం కాపలా!"

మొన్న శుక్రవారం
ఓనరుగారి బావమరిది ఆదిశేషు
డిస్కు నిండిందని బూజు దులిపినట్టు దులిపాడు.
"ఎక్కడ చూసినా అదే పేరు, చెత్తనుకున్నా.
ఆయ్, నేనే తీసేశానండి."
ఫైళ్ళన్నీ ఉన్నాయి, చెక్కు చెదరకుండా.
నిన్న తామేంటో వాటికి తెలీదు, అంతే.

సర్వరు నుంచి పాత కాపీ తెచ్చి పక్కన పెట్టి
ఏ వరుస ఎవరు మార్చారో
కళ్ళతో పోల్చుకుంటూ కూర్చున్నాం.
సఖినేటిపల్లి ఆఖరి పంటు కూత వినబడింది.
పిల్ల నిద్రపోయింది.

మెట్ల కింద గోడ మీద ఎనభయ్యారు వరద గీత.
ఆదిశేషు ఏటా సున్నం కొట్టిస్తాడు.
వాచ్‌మన్ ముత్యాలు ఏటా బొగ్గుముక్కతో మళ్ళీ గీస్తాడు.
కొలబద్ద ఏం లేదు.
ఆ రాత్రి నీళ్ళు గడ్డం దాకా వచ్చాయట,
గోడకి ఆనుకుని నిలబడి
గడ్డం ఎక్కడుంటే అక్కడ గీత.

ఐసు దిమ్మలు మోసి మోసి
ముత్యాలు నడుం వంగిపోతోంది.

నేను కొత్తగా చేరినప్పుడు ఆ గీత
నా నోటి దగ్గరుండేది.
ఇవాళ దిగుతూ చూశాను,
భుజానికి అంటింది బొగ్గు.