ఇంకా రాని జబ్బు

ఒంగోలు పెద్దాసుపత్రిలో
ఓపీ చీటీల వరసకు ఎడంపక్క నా బల్ల.
కార్డు తెచ్చినవాళ్ల వేలిముద్ర తీసుకుని
ఏ జబ్బుకు ఎంతొస్తుందో చెప్పడం నా పని.

మాలకొండమ్మ వచ్చిన రోజు
కరెంటు పోతూ వస్తూ ఉంది.
టంగుటూరు గ్రేడింగు షెడ్డు నుంచి తిన్నగా వచ్చినట్టుంది,
కొంగు నిండా పొగాకు ఘాటు,
కార్డు మీద కూడా గోధుమరంగు జిగురు.

"ఏం జబ్బమ్మా?"
"నాకేం లేదు మేడం.
లేకుండా ఉండేదానికే వచ్చినా."

మొగుడు చీమకుర్తి రాయిని
కృష్ణపట్నం ఓడరేవుకి తోలతాడు.
నల్లటి ఒంట్లో వెండిచుక్కలు మెరిసే ఆ రాయి
ఏ దేశంలో ఎవరి వంటగట్టవుతుందో గానీ
ఏదో ఒక తిరుగు రాత్రి
అతని నెత్తుట్లోకి వేరే చుక్క దిగింది.
అతని మాత్రలు ఉచితం,
నెలనెలా సంతకం పెట్టి తెచ్చుకుంటాడు.
లెక్క ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా
ఈమెను కూడా రోజుకొకటి వేసుకోమన్నాడు డాక్టరు,
ముందుజాగ్రత్త మాత్ర, అది వేరే సీసా.
ట్రంకురోడ్డు మందుల షాపులో ఆ సీసా
ఆమె అయిదు రోజుల కూలి.

కంప్యూటరు అడిగింది: వ్యాధి పేరు?
బాణం నొక్కితే జారిపడే జాబితా.
గుండె, కిడ్నీ, కాలిన గాయాలు, పాముకాటు.
రానిదానికి పేరు లేదు.
"ఇంకా రాలేదు" అని కొట్టాను.
గడి ఎర్రబడింది.

"వస్తే?"
"వస్తే ఇస్తారు. జీవితాంతం ఇస్తారు."
అన్నాక నా నోరు నాకే చేదుగా తగిలింది.

ఆమె నవ్వింది.
"అంటే నేను బాయిలో దూకినాక
చాంతాడు ఊరికే వదలతారు.
బాయి చుట్టూ పిట్టగోడ కట్టుకుంటానంటే మాత్రం
ఇటిక నేనే కొనుక్కోవాల. అంతేగా?"

నాకు మా కొత్తపట్నం గుర్తొచ్చింది.
తుపాను ఇంకా నడిసముద్రంలో ఉండగానే
బస్సులొచ్చి మమ్మల్ని బడికి తోలాయి.
పులిహోర పొట్లాలిచ్చారు.
మునిగినట్టు ధ్రువపత్రం
ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఒక నోటుబుక్కు కొన్నాను.
రాని జబ్బుకు వచ్చినవాళ్లు, అని అట్ట మీద రాశాను.
తెట్టు డాబాలో రొట్టెలు కాల్చే కుర్రాడు
పేరు చెప్పనన్నాడు,
సంతకం చోట బొట్టుబిళ్ల అతికించి పోయాడు.
సింగరాయకొండ స్టేషను వెనకుండే అక్కలిద్దరు:
"ఆధార్లో ఒక ఊరు, బతికేది ఒక ఊరు,
ఏ ఊరికిస్తారమ్మా మాత్ర?"
మా ఆసుపత్రిదే ఒక నర్సు.
ఎందుకో చెప్పలేదు. నేనడగలేదు.

నలభై ఒక్కరయ్యాక
సోమవారం కలెక్టరాఫీసులో అర్జీల వరసలో నిలబడ్డా.
"పరీశీలనలో ఉన్నది" అని మెసేజి.
నెలకు మళ్లీ అదే,
ఈసారి అచ్చుతప్పు దిద్ది.

మాలకొండమ్మ ఆగలేదు.
షెడ్డులో పద్నాలుగు మంది ఆడాళ్లు
దేనికని అడక్కుండా తలా కొంత వేశారు.
గలగలమనకుండా సీసాలో దూది కుక్కి
మెంతుల డబ్బాలో దాస్తుందట.
మెంతుల కోసం ఎవరు వెతుకుతారు?

మొన్న రక్తపరీక్ష కాగితం తెచ్చి
పదో తరగతి మార్కుల్లా నా బల్ల మీద పరిచింది.
నెగటివ్.
"ఆయన లెక్క గూడా దిగతా ఉందంట.
నిలకడగా ఉంటే బిడ్డ సంగతి చూద్దామన్నాడు డాక్టరు."
లేస్తూ లేస్తూ ఆగి
"జబ్బు రానందుకు ఏమన్నా కార్డిస్తారా మేడం?" అంది.

ఆమె వెళ్లాక
బల్ల మీద జిగురు వేలిముద్ర ఒకటి మిగిలింది.
తుడవబోయి ఊరుకున్నా.
తెర మీద గడి అలాగే తెరిచుంది,
వ్యాధి పేరు?

నలభై రెండో మనిషి అప్పటికే
కుర్చీ అంచున కూర్చుని ఉంది,
కార్డు బయటికి తియ్యాలా వద్దా అని.