మధ్యవర్తి సంతకం

పెందుర్తి జంక్షన్, తెల్లారగట్ల మూడున్నర.
పనసకాయల కింద నలభై రెండు పొట్లాలు.
ముందు పనస వాసనే కొట్టింది,
కుక్క కూడా కాసేపు తటపటాయించింది.

నేను వీఆర్వోని. నిద్రలేపి తెచ్చారు,
చూశానని సంతకం పెట్టడానికి.
కాటా సున్నాకి రాదు,
ఎస్సై అట్టముక్క దూర్చి సరిచేశాడు.

వ్యాను తోలిన గుంటడు వంతల సొంబురు.
మీసమింకా సరిగ్గా రాలేదు.
"ఎవులిదిరా సరుకు?"
"తెల్దు బాబూ. పాడేరు కాడ ఒకలు ఎక్కించినారు,
కాన్వెంటు జంక్షన్ల ఒకలు దించుకుంతారు.
నాకు మూడేలు."

వాడి ఫోన్లో ఒకటే నంబరు. మోగించాం.
ఎవరో ఎత్తారు, మాట్లాడలేదు.
వెనక ఓడ కూత.
తర్వాత స్విచాఫ్.

పంచనామాలో అన్నీ రాశాం:
బరువు, లక్క సీలు, బండి నంబరు,
ఆఖరికి పనసకాయల లెక్క కూడా.
యజమాని పేరు దగ్గర మాత్రం గీత.
పదకొండేళ్లుగా సంతకాలు పెడుతున్నాను,
ఆ గీత మీద అక్షరం పడగా చూడలేదు.

ఏ మూడేళ్లకో కోర్టు పిలుస్తుంది.
ఆ రాత్రి వెన్నెలుందా అని అడుగుతాడు ప్లీడరు.
నేను తడబడతాను.

స్టేషన్ వరండాలో కాయలు మెత్తబడుతున్నాయి.
రిమాండుకి ఎక్కిస్తుంటే
సొంబురు వెనక్కి తిరిగి అన్నాడు:
"కుళ్లిపోకముందే ఎవులన్నా తినీండి బాబూ,
అవి మా సెట్టుయే."