వెన్నమ్మ

లైబ్రరీలో అట్టలు వేసే పని నాది.
అమెరికా నుంచి కట్టలుగా వచ్చిన పాత పత్రికల్లో,
మైదా జిగురు ఆరేలోపు,
నలభై మూడో పేజీలో నువ్వు దొరికావు.

మెళ్లో మూడు పేటల ముత్యాలు,
మోచేతుల దాకా తెల్లటి తొడుగులు,
చుట్టూ నల్లకోట్ల మగాళ్లు
అందరూ నీవైపే ఒరిగి.
కింద చిన్నక్షరాల్లో
విన్‌ఫ్రెడ్, ఆ పక్కన నోరు తిరగని మొగుడింటి పేరు.

మాకు నువ్వు వెన్నమ్మవి.
మొదటిరోజు నీ రంగు చూసి దీనమ్మ టీచరు పెట్టిన పేరు,
హాజరు పట్టీలోనూ అదే రాసింది.

మీ నాన్న పొగాకు కంపెనీ దొర.
మా అమ్మ నల్లపాడు బ్యారన్లో పచ్చాకు కర్రకు కట్టే కూలి.
మూడు వంతెనల కింద వాననీళ్లు నిలిస్తే
మీ కారూ మా నడకా ఒక్కచోటే ఆగేవి.
నువ్వు బూట్లు మెడలో వేసుకుని
మాతోపాటు దిగేదానివి,
వెనక ఆయా శాపనార్థాలు పెడుతుంటే.

ళ నీకు పలికేది కాదు.
కళ్లు మూసుకో అనబోయి
కల్లు మూసుకో అన్నావు,
క్లాసంతా బల్లలు గుద్ది నవ్వింది.
"నాలిక మడిచి అంగిట్లో ఆనించవే" అని
టీచరు నీ గడ్డం పట్టుకు కూర్చుంది వారం రోజులు.
దసరా సెలవులకి ముందు, ఒక మధ్యాహ్నం,
ఉన్నట్టుండి "నీళ్లు" అన్నావు.
ఎవరూ నవ్వలేదు. నేనే లేచి తెచ్చిచ్చాను.

పదమూడో ఎక్కం మాత్రం చివరిదాకా రాలేదు నీకు.
నేను చెవిలో ఊదేదాన్ని. ఆ మాట వదిలేద్దాం.

శనివారం నాతో బ్యారన్‌కి వచ్చావు, ఎవరికీ చెప్పకుండా.
పదహారు కర్రలకు ఆకు అందించావు.
చేతులకు జిగట పట్టి నల్లబడ్డాయి,
మావి ఎలా ఉంటాయో అలాగే.
అమ్మ నన్ను తిట్టింది, నిన్ను కాదు.
పచ్చి టమాటాలు చిదిమి నీ వేలు వేలూ రుద్దింది.
సగమే పోయింది.

రాత్రి మీ బల్ల దగ్గర ఎవరు చూశారో.
సోమవారం నువ్వు రాలేదు.
పెద్ద పరీక్షల దాకా టీచరు నీ పేరు పిలుస్తూనే ఉంది,
పిలిచి, కాసేపాగి, తర్వాతి పేరు.

ఇక్కడ రాశారు, కూడబలుక్కుని చదివాను:
పొగాకు వ్యాపారి కూతురు, కామా,
స్విట్జర్లాండులో చదువు, ఆపైన బోస్టన్లో.
ఆ కామా మీద వేలు పెట్టి చూశాను.
మూడేళ్లు. ఎంత చిన్న చుక్క, ఎంత చిన్న తోక.

తొడుగులు నీ సోకుకే అయ్యుంటాయి.
అయినా నా బుద్ధి ఊరుకోక
వేళ్ల సందుల్లో నలుపు వెతికాను.

తప్పు పట్టడానికి కాదు గానీ
ఆ దీపాల కింద, ఆ నవ్వుల మధ్య,
ఎప్పుడైనా దాహమై
ఎవరికీ కనబడకుండా
నాలిక మడిచావా, వెన్నమ్మా?

జిగురు ఆరిపోయింది.
మళ్లీ కలపాలి.