తొలకరి ఫోను

తొలకరి పడిన మూడోనాడు
జొన్నగిరి ఎర్రచేన్లో వంగి
రవ్వల కోసం రాళ్లు తిరగేస్తాన్నా.
రొండిన దోపిన ఫోను మోగింది.

“కాశీంబీ గారూ, మీకు పాతిక లక్షల లాటరీ!”
గారూ అన్నాడు. అక్కడే తగిలింది అనుమానం.
టికెట్టే కొనలేదు కదప్పా అంటే
నా నంబరే టికెట్టంట.
ఎనిమిదివేల ఐదొందలు పన్ను
పొద్దుగూకేలోపు కట్టాలంట,
ఇంట్లో చెప్పకూడదంట.

పోయినేడు ఇట్లాంటి గొంతుకే
మా తోడికోడలు కమ్మలు కుదవబెట్టింది.
చెవుల్లో ఇప్పటికీ చీపురుపుల్లలే.

ఇరవయ్యేండ్లుగా ఈ చేన్లు గాలిస్తాన్నా,
ఆశ నాకు నువ్వు నేర్పాల్నా నాయనా?
దొరకని ఏడు కూడా
ఈ నేల నన్ను ముందుగా ఫీజడగలేదు.

ఓటీపీ, ఓటీపీ అంటానే ఉండాడు.
కాలికాడ ఏందో తళుక్కుమంది.
ఫోను కట్ చేసి వంగినా.

గాజుపెంకు.
పారేస్తే పోయింది,
పైసా కాలేదు.