మూడో గదిలో ఉరుము

మూడో గదిలో నా కుర్చీ.
పొద్దున పది నుంచి అయిదు దాకా
ఈ పాత ఉప్పు గిడ్డంగిలో
ఊరి నాటకోత్సవానికి నేనే కాపలా.

అద్దాల వెనక అరవై వేసవులు:
చంకల్లో చెమట మరక వదలని రాణి జాకెట్టు,
ఒక కాలి బూటు,
(రెండోదాన్ని విస్తులా నది పట్టుకుపోయింది)
సెన్సారు వాళ్ల ఎర్రపెన్సిలు దున్నేసిన రాతప్రతి.
దుమ్మును బట్టి చెప్పగలను
ఏది ఎక్కడుందో, కళ్లు మూసుకుని.

అద్దం లేనిది ఒక్కటే.
గోడకి నిలువెత్తు రేకు, అంచులు తుప్పు.
కింద చీటీ: ఉరుము రేకు, 1968. ముట్టుకోరాదు.

మంగళవారం టికెట్ లేదు.
ఆ రోజే వచ్చాడు బోగుమీల్ వ్రోనా,
చక్కెర మిల్లులో ఒకప్పటి ఫిట్టరు,
టోపీ చేత్తో పట్టుకుని, చర్చిలోకి వచ్చినట్టు.
"నాలుగు మూలలా మేకులా?
నోరు కుట్టేశారు కదమ్మా దీనికి!
అరవై ఎనిమిది కాదు, అరవై ఆరు.
మిల్లు కప్పు మీంచి నేనే ఊడదీశాను,
మా పెద్దది పుట్టిన వారం."

ఒక ఏడు, కోట ఆవరణలో,
రాజు చచ్చిపోయే ఘట్టంలో
నిజం మబ్బే ఉరిమిందట.
ఒక్కరూ కదల్లేదు.
"ఈసారి బోగుమీల్ అదరగొట్టాడు"
అని చప్పట్లు కూడానట.
తెర వెనక ఈయన
రేకు వదిలేసి, చేతులు కట్టుకుని.
తర్వాత వాన.
నాలుగు వందల మంది నానిపోయారు.
మర్నాడు ఊరంతా తుమ్ములే.

నవ్వుతూ నవ్వుతూ ఆగి
తన అరచేతులు చూసుకున్నాడు.
"కెమెరా ఉందా?"
"ఉంది. పనిచెయ్యదు."

కింది రెండు మేకులు ఎప్పుడో వదులయ్యాయి.
ఆ సంగతి నేను నివేదికలో రాయలేదు.
కళ్లజోడు తుడుచుకోవడానికి
సరిగ్గా అప్పుడే నాకు తీరిక చిక్కింది.

మొదట, వంతెన మీద ఖాళీ బండి.
ఆపైన చెవికి కాదు, పక్కటెముకలకి వినిపించింది.
రాణి జాకెట్టు గుండీలు
ఒకదాన్నొకటి తట్టుకున్నాయి.
రెండో గదిలో ఎవరో పసివాడు ఏడుపు మొదలెట్టి
అంతలోనే మానేశాడు.

ఆయన వెళ్లేప్పుడు టోపీ మరిచిపోయాడు.
మళ్లీ వచ్చి తీసుకున్నాడు.
ఏడాది తప్పని పైవాళ్లకి చెప్పాను,
కొత్త చీటీకి డబ్బుల్లేవన్నారు.

అదలా ఉంచండి.
ఆ నిమిషాన నేను కిటికీలోంచి చూశాను.
ఫెళ్లున ఎండ.
ఎదుటి మేడ మీద ఒకావిడ
ఆకాశం వైపైనా చూడకుండా
గబగబా దుప్పట్లు లాగేస్తోంది
తీగ మీంచి.