ఏ గీత?

రువిల మా బ్యాంకు, అయిదో అంతస్తు.
అద్దానికి అవతల ఎండ, ఇవతల వణుకు.
నా పని చాయ్. యాలకులు వేసి మూడు, చక్కెర లేనిది ఒకటి,
సుడాన్ మేడం హనాన్‌కు మాత్రం పుదీన నీళ్లు.

రాత్రి అమెరికాల వడ్డీ పెంచిండ్రట.
రియాలుకు డాలరుతోని కొంగుముడి గదా,
అది ఎటు అడుగేస్తే ఇది అటే.
తెల్లారేసరికి ఇక్కడ గూడ పావు శాతం.

పొద్దటిసంది సార్లు కొట్లాడుతున్నరు:
పెంచినం సరే, పని చేసిందా లేదా
దేన్ని చూసి చెప్పాలె?

ధరల పట్టీ అంటడు పాలక్కాడ్ శశిధరన్ సారు.
అండ్ల ఇంటి కిరాయి ఉన్నది, మంచం కిరాయి లేదు.
ఒక్క రూముల పన్నెండు మందిమి, మనిషికి ఇరవై రియాళ్లు,
ఆ పట్టీకి మా తలుపు దొరకలే.

అప్పులు చూడాలె అంటడు యాఖూబ్ సారు.
బ్యాంకు పుస్తకంల ఉన్న అప్పులు.
మెట్‌పల్లిల నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి
వీసాకు కట్టిన మా గంగనర్సు బాకీ
ఏ అమెరికా రాత్రికీ కదలది.

నిరుద్యోగం చూద్దాం అన్నడు కొత్తగొచ్చిన పిలగాడు.
నవ్వు ఆపుకున్న, పళ్లెంల గ్లాసులు గలగలమన్నయ్.
పని పోయినోడు ఈ దేశంల ఉంటే గదా
లెక్కకు వచ్చేది!
విమానం ఎక్కించినంక గీత సాపుగ పంటది,
నొప్పి పెట్టే వేలు తీసేసి
చెయ్యి బాగున్నదని రాసినట్టు.

పైసలు పంపే కౌంటర్ల కాడ లైను?
రూపాయి పడ్డనాడు అది వీధి మలుపు దాటుతది.
ఆగిన జీతం మూడు నెలలది ఒక్కసారి ఇచ్చిననాడు గూడ దాటుతది.
జ్వరం ఒక్కటే, రోగాలు వేరు.

హనాన్ మేడం అరబీ కలిసిన హిందీల, ఉత్తగనే అడిగింది:
"రాజేశం, నువ్వైతే ఏది చూస్తవ్?"

నోట్లెకెళ్లి వచ్చింది: పాత పరుపు.

హమ్రియాల హుసేన్ బలోచి దుకాణం మేడం.
వడ్డీ పెరిగిన నాలుగు నెలలకు కొత్త పునాదులు ఆగుతయ్.
ఆర్నెల్లకు ఓవర్‌టైం పోతది.
ఎనిమిదో నెలల పరుపులొస్తయ్,
మనుషులు పోయినంక, నడుమ గుంట పడి.
ఆరు రియాళ్లది రెండుకు దిగుతది.

అందరు నవ్విండ్రు.
ఆమె రాసుకున్నది.

అప్పటిసంది వారం వారం నేనే పోయి ధర అడుగుతున్న.
మొదట్ల చెప్పిండు. తర్వాత అనుమానపడ్డడు.
గిరాకి పెరిగిందనుకొని రియాలు పెంచిండు.
మేడంకు చెప్పిన: గజంబద్ద కనబడితే
బట్ట గూడ బిగుసుకుంటది.
పుదీన నీళ్లు చల్లారేదాక ఆమె మాట్లాడలే.

మొన్న శుక్రవారం హుసేన్ ఇంకొకటి కొన్నడు.
నీలి చారలది, ఒక మూలకు చాయ్ మరక.
మరక నాదే, కిందటి రంజాన్‌ల ఒలికింది.
నేనే నెత్తిన పెట్టుకొని మోసుకపోయిన,
పొద్దున నాలుగు గంటల విమానానికి వాన్ని ఎక్కించి వచ్చి
స్నానం గూడ చెయ్యకుండ.

ఆదివారం టేబుల్ మీద చీటీ పెట్టిన: రెండున్నర.
ఆమె పెన్సిల్‌తోని చిన్న చుక్క పెట్టింది,
కిందికి, కుడిదిక్కు.
"సరిగ్గ పెట్టిన్నా?" అన్నది.

చుక్క సరైన కాడనే ఉన్నది మేడం.
గంగనర్సు ఆరడుగుల మనిషి.